బుచ్చవ్వ చెంబు

పెద్దగుంత నీటి పుస్తకం, ఏడో సంపుటం. రాస్తున్నది గుంత నీళ్ళు కాసే నీరటి కౌసల్య.

వాన లేక 84వ రోజు

పచ్చ అంకె, అంటే నీళ్ళలో పాచి రంగు కొలత, 52. ఎండ, నీడలో 43. గాలి లేదు. ఆకు కూడా కదల్లేదని రాద్దామంటే ఇక్కడ ఆకే లేదు.

పొద్దున్నే అంకె బండ మీద సుద్దతో 52 అని రాసి వెనక్కి తిరిగేసరికి మెట్ల మీద అరవై మంది. "ఇయ్యాల ఎంత, నీరటక్కా?" అని ఒక్కొక్కరూ అడగడమే. రాసింది కనబడదా? కనబడుతుంది. అయినా నా నోటితో వినాలి. నిన్నటికంటే మూడు పెరిగితే ఆ మూడూ నేనే ఇంటి నుంచి తెచ్చి కలిపినట్టు చూస్తారు.

నూట అరవై ఇళ్ళకు ఒకటే గుంత. మా తాతల కాలంలో గ్రానైటు తవ్వుకుని వదిలేసిన క్వారీ ఇది, మా ఇళ్ళన్నీ దాని మెట్ల మీదే. ఏడాదికి పడే రెండు మూడు వానలూ ఇందులోనే ఆగాలి, మళ్ళీ వాన దాకా సరిపోవాలి. ఈ నీళ్ళలో నీలిపచ్చ పాచి పుట్టింది. దానికి ఎండ కావాలి, వేడి కావాలి, కదలని నీళ్ళు కావాలి, మేకల దొడ్డి కడిగిన నీళ్ళు కావాలి. నాలుగూ విస్తట్లో వడ్డించి పెట్టాం కదా, రాకేం చేస్తుంది?

పాచి ఉంటే ఉండనీ. విషంతోనే నా తంటా. ఈ పాచి ఒక వారం ఊరికే తేలుతుంది, మరో వారం కడుపు నిండా విషం చేసి పెట్టుకుంటుంది. ఎందుకు? ఎండ పెరిగితేనా, పేడ నీళ్ళు పెరిగితేనా, నీళ్ళలో ఇనుము తగ్గితేనా? ఆరేళ్ళుగా రాస్తున్నాను. ఒక ఏడాది ఒక కారణం పట్టుకుంటాను, పై ఏడాది అది చెయ్యి విదిలించుకుని పోతుంది. తల ప్రాణం తోకకొస్తోంది.

విషపు పట్టీలు ఏడు మిగిలాయి. నీళ్ళలో ముంచితే ఎర్ర గీత రావాలి. గీత రాకపోతే విషం ఉన్నట్టు. ఈ రోజు రెండు వాడాను. పాచిని నలిపి ముంచితే గీత రాలేదు. ఇసుక మడిలో వడగట్టిన నీళ్ళలో ముంచితే గీత నిండుగా వచ్చింది. అంటే విషం ఇంకా పాచి కడుపులోనే ఉంది, పాచిని ఇసుక ఆపుతోంది. అది బతికున్నంత కాలం మనమూ బతుకుతాం. వినడానికి విడ్డూరంగా ఉన్నా లెక్క అదే.

పట్టీలు మిగిలినవి ఐదు. సరుకుల డ్రోను ఎప్పుడొస్తుందో దాన్ని పంపేవాళ్ళకే తెలియదు.

వాన లేక 86వ రోజు

అంకె 58.

సర్పంచ్ రాజేశం దగ్గరికి వెళ్ళి మూడు పనులు అడిగాను. దొడ్డి కాలువ మూయండి, గుంత మీద నీడవల పూర్తిగా లాగండి, పగలు రెండు గంటలు నీళ్ళు కలిపే యంత్రం నడపండి.

"యంత్రం నడిపితె కరెంటు ఏడికెళ్ళి తేవాలె, చెల్లె?"

"పంకాలు బందు చెయ్యండి అన్నా."

"నలభై మూడు ఎండల పంకాలు బందు చేస్తె నా ఇంటికొచ్చి నన్నే బందు చేస్తరు." నవ్వాడు. ఆయనకు ప్రతిదీ నవ్వే. "కాలువ మూస్త, వల లాగిస్త. రెండు చాలు తియ్యి."

మూడు అడిగితే రెండు ఇవ్వడం ఈయనకు అలవాటు. ఐదు అడగాల్సింది, నా బుద్ధి గడ్డి తిన్నది.

మధ్యాహ్నం పదో మెట్టు ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. తొలివాన కూజా మూత లక్క పగలగొట్టి బిడ్డ నాలుక మీద మూడు చుక్కలు వేశాను. ప్రతి ఇంట్లో ఒక కూజా ఉంటుంది, నాలుగు లీటర్లు, ఆ ఏటి మొదటి వాన. పుట్టిన నోట్లో పోయడానికి, పోయే నోట్లో పోయడానికి తప్ప ముట్టుకోరు. ఏ ఇంటి కూజా తెరిచినా నీరటి దాన్ని పుస్తకం వెనక పుటల్లో రాయాలి. రాశాను.

వాన లేక 88వ రోజు

అంకె 61.

మొగులయ్య మామను చూడ్డానికి వెళ్ళాను. నాకంటే ముందు నీరటి ఆయనే. ముప్పై నాలుగేళ్ళు ఈ బండ మీద అంకెలు రాశాడు, నాకు పని నేర్పాడు. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. మూత్రపిండాలు రెండూ పోయాయి. మంగళవారం, శుక్రవారం నర్సు ఫర్జానా ఆయన్ని యంత్రానికి కడుతుంది. రక్తం బయటికి వచ్చి, నీళ్ళతో శుద్ధయి, మళ్ళీ లోపలికి పోతుంది. ఒక్కసారికి అరవై లీటర్లు, గుంత నీళ్ళే. యంత్రం ముందు ఉండే సన్నజల్లెడ పగిలి రెండు నెలలైంది. బొగ్గు పెట్టె ఖాళీ. ఇక ఆపేది ఇసుక మడి ఒక్కటే.

మనం తాగే నీళ్ళలో విషం ఉంటే కాలేయం కొంతైనా కాచుకుంటుంది. ఆయనకు నేరుగా రక్తంలోకే.

"ఏంది బిడ్డా, గట్ల మొకం పెట్టినవ్?"

"అరవై ఒకటి మామా."

"రాగి ఎయ్యరాదు?"

ఇదొకటి. నలభై ఏళ్ళ కిందట ఇలాగే పాచి వస్తే ఈయన పాత కరెంటు తీగల రాగి మోపులు కట్టి గుంతలో దించాడు. వారంలో నీళ్ళు తేటపడ్డాయి. అప్పటి నుంచి రాగి మొగులయ్య. పెళ్ళిళ్ళలో ఆయన మీద పాటలు కూడా పాడతారు.

"వద్దు మామా. రాగి ఏస్తే పాచి చస్తది. చస్తే కడుపుల ఉన్న విషమంత నీళ్ళల్ల కక్కుతది. ఇసుక పాచిని ఆపుతది గని నీళ్ళల్ల కలిసిన విషాన్ని ఆపదు. కాగబెట్టినా పోదు."

"నేను ఏసిన్నాడు ఏం గాలే గద."

ఆయనతో ఏం వాదిస్తాను? ఇదే మాట పోయిన సభలోనూ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సభలో అందరూ తలలైతే బాగానే ఊపారు.

వాన లేక 93వ రోజు

అంకె 31!

కాలువ మూయించింది నేను. వల లాగించింది నేను. నీడ పడింది, పేడ నీళ్ళు ఆగాయి, పాచి తగ్గింది. ఆరేళ్ళకు నా లెక్క ఒకటి నిజమైంది. రాజేశం ఇంటి నుంచి నువ్వుల లడ్డూలు పంపాడు. రెండు తిన్నాను. మెట్ల మీద "మా నీరటక్క" అంటున్నారు. మొన్నటి దాకా ఒట్టి నీరటక్కనే.

పట్టీ వాడలేదు. ఉన్నవి ఐదు, అంకె తగ్గుతుంటే దండగెందుకు అనుకున్నాను.

వాన లేక 96వ రోజు

అంకె 14. నీటి అంచు వెంట రాళ్ళకు నీలం రంగు చార పట్టింది, నెమలి మెడలాగా బాగుంది. కొంచెం కుళ్ళు వాసన వస్తోంది.

వాన లేక 97వ రోజు, మంగళవారం

నన్ను చెప్పుతో కొట్టాలి.

పదకొండింటికి ఫర్జానా పరుగెత్తుకొచ్చింది. "అక్కా, జల్ది రా. పెద్దాయనను యంత్రానికి కట్టి గంట కాలే, ఒకటే కక్కుడు. కండ్లు మసకలు కమ్మినయంటున్నడు. నేను ఇడిపించేసిన."

మామ మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. "ఎవలు?" అన్నాడు. నా అడుగు చప్పుడుకే నన్ను గుర్తుపట్టే మనిషి.

వడగట్టిన నీళ్ళలో పట్టీ ముంచాను. గీత రాలేదు. మా ఇంటి కూజా తెరిచి ఆ నీళ్ళు తొమ్మిది పాళ్ళు కలిపి పలచన చేసి మళ్ళీ ముంచాను. అప్పుడూ రాలేదు. అంకె 11. విషం మాత్రం నేనెప్పుడూ చూడనంత.

నీలం చార! పాచి కణాలు పగిలితే లోపలి నీలం రంగు బయటికొస్తుంది. మొదటి ఏడాదే నేర్చుకున్న సంగతి. కళ్ళెదుట అంత పొడవున గీసి చూపిస్తే బాగుందని రాసుకున్నాను. పాచి తగ్గలేదు, చచ్చింది. ఎవరో చంపారు.

తాగడానికి ఎవరూ గుంత నీళ్ళు ముట్టొద్దని గంట కొట్టించాను. బండ సందులో ఊట ఉంది, ఇంటికి రెండు బిందెలు వస్తాయి. ఫ్లోరైడు నీళ్ళు, కొన్నాళ్ళు తాగితే చావం. యంత్రానికి మాత్రం పనికిరావు. దానికి వాన నీళ్ళే కావాలి.

పట్టీలు మూడు.

వాన లేక 98వ రోజు

తెల్లారగానే కొక్కెం వేసి గుంత అంచులన్నీ దేవాను. మొదటి దెబ్బకే బరువు తగిలింది. లాగితే రాగి చెంబు. దాని వెనక ఇంకోటి. తాడుకు కట్టిన బిందె, మోటారు తీగ చుట్టలు, గంగాళం, ఒక పూజగంట. మధ్యాహ్నానికి డెబ్బై మూడు లెక్క తేలాయి.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన ఇళ్ళలో గిన్నె కొంటే పేరు చెక్కించకుండా ఉంటామా? ప్రతి చెంబు మీదా ఇంటి పేరు, మనిషి పేరు, కొన్న ఏడు. డెబ్బై ముగ్గురు చాటుగా వచ్చి, నాకు తెలియకుండా చేసి, సంతకం పెట్టి మరీ పోయారు. నాకు లడ్డూలు పంపిన రాజేశం ఇంటి బిందె కూడా ఉంది.

పదో మెట్టు బాలింతను పట్టుకుని అడిగాను. "నువ్వు గూడానా?"

"మొగులయ్య తాత కోసమే అక్కా." ఏడ్చేసింది. "ఆయన యంత్రానికి మంచి నీళ్ళు కావాలె గద. ఆయన జేసిందే మేం జేసినం. నువ్వు ఒద్దన్నవని నీకు చెప్పలే."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అందరూ ప్రేమతోనే వేశారు. ఇక ఎవరిని తిట్టను?

చివరగా వచ్చిన చెంబు చిన్నది, అంచు సొట్ట పోయింది. మట్టి తుడిచాను. "మొగులయ్య భార్య బుచ్చవ్వ" అని ఉంది. మామ ఇంట్లో దేవుడి గూట్లో ఉండే చెంబు ఇది. ఆయనే ఎవరికో ఇచ్చి వేయించాడు.

వాన లేక 99వ రోజు

అంకె 9.

రాజేశం అంకె బండ దగ్గర నిలబడి అందరి ముందు అడిగాడు. "పదేండ్లల్ల గింత తేట నీళ్ళు చూసినమా? అంకె నువ్వే రాస్తివి. ఇప్పుడు నువ్వే ఇసమంటున్నవ్. దేన్ని నమ్మాలె?"

"అంకె రంగుకు అన్నా. విషానికి కాదు."

"గట్లయితె ఇన్నేండ్ల సంది గిదెందుకు రాస్తున్నవ్?"

మామ రాశాడు కాబట్టి నేను రాశాను.

"రేపు శుక్రారం. యంత్రం బందు పెడితె ముసలాయన వారం బతకడు. గా పాపం నువ్వు మోస్తవా? ఇయ్యే నీళ్ళతోని నడవాలె." ఈసారి నవ్వలేదు. ఫర్జానా నా వైపు చూసింది. యంత్రం ఆపినా చస్తాడు, నడిపినా చస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

ఇంటికొచ్చి మామ రాసిన మూడో సంపుటం తీశాను. రాగి వేసిన ఏడు నీళ్ళెలా ఉన్నాయో చూద్దామని. ముందు పుటలు:

"వాన లేక 71. అంకె 60. రాగి మోపులు రెండు దించాను.
76. అంకె 22.
79. అంకె 8. రాగి పని చేసింది. ఊరు దండ వేసింది."

తర్వాత అన్నీ మంచి అంకెలే. పుస్తకం మూయబోయి వెనక పుటలు తిప్పాను, కూజాలు తెరిచిన లెక్క. మామూలుగా నెలకు ఒకటో రెండో. ఆ ఏడు 83వ రోజు నుంచి 104 దాకా పదకొండు. పేరు, వయసు, పక్కన "కామెర్లు". పదకొండింటికీ కామెర్లే. చివరి దాని దగ్గర పేరు లేదు, వయసు లేదు. "మా ఇల్లు" అని మాత్రం ఉంది. బుచ్చవ్వ పోయింది ఆ ఏడే.

ముందు పుటల్లో అంకెలు, వెనక పుటల్లో కూజాలు. నలభై ఏళ్ళు నీరటులమిద్దరమూ ఇలాగే రాశాం. రెంటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు.

రేపు ఈ పుట సభలో చదివితే ఊరు నమ్ముతుంది. మామ కూడా వింటాడు. ఆయన చేసిన మందే ఆయన భార్యను చంపిందని ఆయన ముందే చదవాలి. చదవకపోతే యంత్రం తిరుగుతుంది. ఏం బతుకురా ఇది!

వాన లేక 100వ రోజు, శుక్రవారం

పొద్దున్న ఏడింటికి సభ. మామను మంచంతో సహా మోసుకొచ్చారు. చూపు కొంచెం తేరుకుంది. నేను ఒక గిన్నెలో గుంత నీళ్ళు, ఒక గిన్నెలో మా ఇంటి కూజా నీళ్ళు పెట్టి రెండు పట్టీలు ముంచాను. కూజా నీళ్ళలో గీత వచ్చింది. అంకె 9 ఉన్న తేట గుంత నీళ్ళలో రాలేదు.

"పట్టీ పాతదై ఉంటది," అన్నారెవరో.

చంకలో మూడో సంపుటం ఉంది. తీశాను. పుట దొరికింది. ఆయన్ని చూస్తూ ఎలా చదవను?

"ఏందది? నా పుస్తకమేనా?" అన్నాడు మామ. "ఇటు తే."

"వద్దు మామా."

"తే అంటున్న గద."

ఇచ్చాను. ఒక వేలు ముందు పుటలో, ఒక వేలు వెనక పుటలో పెట్టి ఉంచాను. ఆయన ఆ వేళ్ళు చూశాడు. నాకు పని నేర్పినవాడు, ఇక చెప్పక్కర్లేకపోయింది. పుస్తకం కళ్ళకు దగ్గరగా పట్టుకుని ముందు పుట పైకి చదివాడు. తర్వాత వెనక పుట. ఒక్కో పేరు చదువుతుంటే మెట్ల మీద ఎవరో ఒకరు తల వంచుకుంటున్నారు. అమ్మమ్మలు, మేనమామలు, పుట్టి ఏడాది నిండని ఒక అన్న. పదో పేరు అయ్యాక ఆగాడు.

"నా ఇంటిది గూడ," అన్నాడు. "నేనే పోసిన ఆ నీళ్ళు. జరమొచ్చిందని చెంబెడు చెంబెడు తాపిన."

రాజేశం తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ నీళ్ళు నాకొద్దు," అన్నాడు మామ. "ఇడిసిపెట్టుండ్రి. ఇగ చాలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు చాలంటె చాలా? నీ అసొంటోడు ఇంకొకడు ఈ మెట్ల మీద ఉన్నడా? డెబ్బై మూడు ఇండ్లు చెంబులు దించినయి నీ కోసం. ఆ చెంబుల వాళ్ళందరు ఒక్కొక్క కూజా తెస్తె యంత్రానికి రెండు వారాల దాకా సాలవా?" అరిచేశాను. కూజా అడగడమంటే చచ్చేవాడి నోటి నీళ్ళు అడగడం. అలా ఎవరూ అడగరు. నేను అడిగాను.

మొదట పదో మెట్టు బాలింత లేచి వెళ్ళింది. బిడ్డకు తెరిచిన కూజా, మూడు చుక్కలు తక్కువ. తెచ్చి ఫర్జానా ముందు పెట్టింది. ఆ తర్వాత రాజేశం. ఎండ ఎక్కేసరికి నూట పన్నెండు కూజాలు వచ్చాయి. పదిహేనింటికి ఒక పూట యంత్రం తిరుగుతుంది. నలభై ఎనిమిది ఇళ్ళు ఇవ్వలేదు. వాళ్ళ పేర్లు రాయాలని చెయ్యి దురద పెడుతోంది, రాయను.

పదిన్నరకు ఫర్జానా యంత్రం నడిపింది. మామ కక్కలేదు. పట్టీ ఒకటి.

వాన లేక 118వ రోజు, మంగళవారం

డ్రోను రాలేదు. వాన రాలేదు. ఎండ 44.

విషాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్ళలోనే ఉంటాయి, వాటికి ఆకలి పుట్టడానికి మాత్రం రెండు మూడు వారాలు పడుతుంది. ఈ రోజు వడగట్టిన గుంత నీళ్ళలో ఆఖరి పట్టీ ముంచాను. గీత వచ్చింది. కొంచెం పలచన, అయినా వచ్చింది. ఆరు పూటలకు తొంభై కూజాలు అయిపోయాయి, ఇరవై రెండున్నాయి. కొత్త పాచి మళ్ళీ పుడుతోంది, దొడ్డి కాలువకు ఎవరో చిల్లు పొడిచారు. ఎవరో కనుక్కుంటాను, వదిలిపెట్టను.

బండ మీద అంకె తుడిచేశాను. ఇక నుంచి రెండు గళ్ళు, రంగుకు ఒకటి, విషానికి ఒకటి. పట్టీలు లేవు కాబట్టి రెండో గడిలో "తెలియదు" అని రాశాను. పొద్దున్నుంచి అరవై మంది "తెలియదంటే ఏంది, నీరటక్కా?" అని అడిగారు. అరవై మందికీ చెప్పాను.

సాయంత్రం యంత్రం నుంచి లేచాక మామ మూడో సంపుటం, కలం అడిగాడు. "79. అంకె 8. రాగి పని చేసింది" అన్న చోట "పని చేసింది" కొట్టేసి, పక్కన "చంపింది" అని రాశాడు. దాని కింద, ముందు పుటలోనే, పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాడు. వెనక పుట చూసి ఒక్కొక్కటీ, వయసుతో సహా. పదో పేరు దాకా రాసి కలం నాకిచ్చాడు.

రాశాను. బుచ్చవ్వ, 38.

ఆయన వంగి చూశాడు. "ముప్పయ్యేడే బిడ్డా," అన్నాడు.

దిద్దాను.